బారెడు దూరం మూరెడైతే

షార్ట్ ఫిల్మ్ తీద్దామని నలుగురు కూడితే, నల్లగొండలోనైనా పాలమూరులోనైనా, ముందు కెమెరా ఖాయమవుతుంది. ఆ తర్వాత చేతిలో మిగిలిన కాస్త డబ్బుతో ‘చవకలో మంచి మైకు ఏదుంది?’ అని వెతుకులాట మొదలవుతుంది. వెతకడం తప్పు కాదు, వరుస తప్పింది. షాట్‌గన్ మైకు అని పిలిచే ఆ సన్నటి గొట్టం గురించి మన దగ్గర ఒక భ్రమ పాతుకుపోయింది. అది దుర్భిణి లాంటిదట, దూరం నుంచి గురిపెడితే మాటను దగ్గరికి లాక్కొస్తుందట. అలా నమ్మినవాడికి గొట్టం ఎంత ఖరీదైతే అంత దూరం లాగుతుందని అనిపించడం సహజం. అప్పు చేసైనా పేరున్నదే కొంటాడు, తెచ్చి కెమెరా నెత్తిన బిగిస్తాడు. అంతటితో ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఈ రెండు పాత జిల్లాల మెట్ట ఊళ్లలో సినిమా తీసేవాళ్లకు మామూలు ధర మైకు చాలునని, మిగిలిన సొమ్ము దాన్ని నోటి దగ్గరికి చేర్చే గడకు, గాలి ఆపే తొడుగుకు, ఆ గడ పట్టే మనిషికి పోవాలని నా వాదన.

ఆ గొట్టాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. పక్కల పొడవునా సన్నని చీలికలు వరసగా కోసి ఉంటాయి. ధ్వనిని పట్టే క్యాప్సూల్ ముందు కొసన ఉండదు, చీలికలు దాటాక వెనకాల ఉంటుంది. ఎదురుగా వచ్చిన మాట మూతిలోంచి దూరినా చీలికల్లోంచి దూరినా ఒకే క్షణానికి క్యాప్సూల్‌ను చేరుతుంది. పక్క నుంచి వచ్చిన చప్పుడు ఒక్కో చీలికలోంచి ఒక్కో ఆలస్యంతో చేరి, తనను తానే కొట్టేసుకుని బలహీనపడుతుంది. కిటుకంతా ఇంతే. దూరాన్ని దగ్గర చేయడం దాని పని కాదు, పక్కల చప్పుడు తగ్గించడమే దాని పని. అదీ అన్ని చప్పుళ్లనూ కాదు. ధ్వని అల పొడవు గొట్టం పొడవును బాగా మించిపోయిన చోట, అంటే మంద్ర ధ్వనుల దగ్గర, ఈ కొట్టివేత సాగదు. పాతిక సెంటీమీటర్ల గొట్టమైతే సుమారు రెండు వేల హెర్ట్జ్‌ల కిందికి దిగేసరికి గొట్టం ఉన్నా లేనట్టే, మామూలు డైరెక్షనల్ మైకులా ప్రవర్తిస్తుంది. బోరు మోటారు గుర్రు, మిర్యాలగూడ రైస్‌మిల్లుల హోరు, నకిరేకల్ మీదుగా 65వ జాతీయ రహదారిపైనా జడ్చర్ల మీదుగా 44వ రహదారిపైనా పోయే లారీల రొద, వీటి బలమంతా ఆ కింది స్థాయిలోనే ఉంది. పది వేల రూపాయల గొట్టమూ వాటిని ఆపలేదు, లక్ష రూపాయల గొట్టమూ ఆపలేదు. పైగా వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక మోటారు ఏ వేళకు ఆగుతుందో చెప్పే వీలు లేకుండా పోయింది. మైకు మార్చే బదులు రైతును అడిగి అరగంట ఆపించుకోవడం నయం. వరికోత మిషన్ డ్రైవర్‌ను అడిగి మాత్రం లాభం లేదు, అతనికి గంటల లెక్కన కిరాయి. మగ్గం సంగతి వేరు. శ్యామ్ బెనెగల్ 1987లో ‘సుస్మన్’ తీసిన పోచంపల్లి నేత ఇళ్ల వంటి చోట, పలక కొట్టుకునే టకటకలో పై స్థాయి ధ్వనులు దండిగా ఉంటాయి కాబట్టి మగ్గాన్ని గొట్టానికి పక్కవాటుగా వచ్చేట్టు చూసుకుంటే తేడా నిజంగానే వినిపిస్తుంది. అందుకని మైకు కొనేముందు మీ ఊరి చప్పుడు ఏ జాతిదో తెలుసుకోవాలి.

ఇక దూరం లెక్క. మన పెద్దలు కొలిచిన మూర సుమారు పద్దెనిమిది అంగుళాలు, నాలుగు మూరలు ఒక బార. కెమెరా మీద బిగించిన మైకుకు, మాట్లాడే మనిషి నోటికి మధ్య తక్కువలో తక్కువ బారెడు దూరం ఉంటుంది. అదే మైకును గడ కొసన కట్టి ఫ్రేము అంచుకు పైన వేలాడదీస్తే మూరెడు దూరంలోకి తేవచ్చు. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా వచ్చే మాట ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. బార నుంచి మూరకు అంటే రెండుసార్లు సగం, మొత్తం పన్నెండు డెసిబెల్స్. మిల్లు హోరు, లారీ రొద ఎక్కడివక్కడే ఉంటాయి, మాట ఒక్కటే పన్నెండు మెట్లు పైకెక్కుతుంది. ఇప్పుడు ధరలు పెంచే అంకెను చూద్దాం. మైకు తనలో తాను చేసే సన్నటి బుస చప్పుడును తయారీదారులు డెసిబెల్స్‌లో ప్రకటిస్తారు. రోడ్ కంపెనీ చవక మైకు ఎన్‌టీజీ 2కు అది 18, అదే కంపెనీ ఖరీదైన ఎన్‌టీజీ 5కు 10. తేడా ఎనిమిది. సినిమా వాళ్లు తరతరాలుగా నమ్ముకున్న సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416కు 13. అంటే వేలకు వేలు పోసి కొన్న ఎనిమిది డెసిబెల్స్ కంటే గడ పట్టిన మనిషి నాలుగడుగులు ముందుకు జరిపి తెచ్చిన పన్నెండే ఎక్కువ. ఇంకో మాట. శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగటిపూట అనుమతించేదే 55 డెసిబెల్స్. పల్లెలో అంత లేకపోయినా, చింతచెట్టు మీది పిట్టలు, దూరపు ట్రాక్టరు, ఆకుల గలగల కలిసి చేసే సద్దు ఆ పద్దెనిమిదికి ఎంతో పైన ఉంటుంది. వినపడని బుసను తగ్గించుకోవడానికి అప్పు చేయడం దేనికి? స్టూడియోలో గుసగుసలు రికార్డు చేసేవాడికి ఆ అంకె ముఖ్యం. దేవరకొండ గుట్ట కింద నిలబడి రికార్డు చేసేవాడికి కాదు.

దగ్గరుంటే చాలదు, సూటిగానూ ఉండాలి. ఇక్కడ మన భాషలో ఒక చిక్కు ఉంది. ‘చుక్క’ అన్నప్పటి చకారం వేరు, ‘చింత’ అన్నప్పటి చకారం వేరు. మొదటిది నాలుక కొస పళ్లకు తగిలి పలికే దంత్యం, రెండోది అంగిలికి తగిలి పలికే తాలవ్యం. మామూలు అచ్చులో రెండింటికీ ఒకటే అక్షరం, తేడా తెలిసేది చెవికే. ఆ తేడా అంతా పై స్థాయి ధ్వనుల్లో ఉంటుంది, గొట్టం కఠినంగా కోత పెట్టేది కూడా అక్కడే. మైకు మూతి మాట్లాడేవారి నోటి నుంచి పక్కకు తప్పితే అక్షరం అక్షరంలా ఉండదు, మందమైన గుడ్డ చాటు నుంచి విన్నట్టు ఉంటుంది. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలమ్మను ఊహించండి. మనవడితో ఒక మాట, గేటు తోసుకుని దూరిన మేకను అదిలిస్తూ ఒక మాట, మళ్లీ చేటలోకి తల వంచి తనలో తాను ఒక మాట. ఆమె తల తిరిగిన వైపల్లా పై నుంచి మైకు మూతి కూడా తిరగాలి, అది కూడా ఆమె తిప్పడానికి అర క్షణం ముందే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు చేతులూ నెత్తికి పైన చాచి గడ పట్టుకున్న కుర్రాడు కథ తెలిసినవాడై ఉండాలి, ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో బట్టీ పట్టినవాడై ఉండాలి. మన చిన్న యూనిట్లలో ఆ పని ఆ రోజు ఖాళీగా ఉన్నవాడికి అప్పగిస్తారు. లక్ష రూపాయల మైకును మొద్దబ్బాయి చేతిలో పెట్టడం కంటే పదిహేను వేల మైకును చురుకైన పిల్ల చేతిలో పెట్టడం లాభసాటి బేరం.

గాలి దగ్గర మన మెట్ట ప్రాంతం కోస్తాలా ఉండదు, అది కొనుగోలు లెక్కను మారుస్తుంది. 416 వంటి ఖరీదైన మైకులు రేడియో పౌనఃపున్య పద్ధతిలో పనిచేస్తాయి. తేమ గాలిలో మామూలు కండెన్సర్ మైకులు చిటపటలాడే చోట అవి నిలకడగా ఉంటాయి, వాటి పేరు నిలబడటానికి అదొక కారణం. సముద్రపు ఒడ్డున తీసేవాడికి ఆ గుణం బంగారం. ఏడాదిలో ఎక్కువ భాగం పొడిగా ఉండే పాలమూరు చెల్క నేలల్లో ఆ ధర మనకు అక్కర రాని బీమా. సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున తెల్లవారుజామున తీసినా, వానాకాలంలో తీసినా కాస్త జాగ్రత్త పడాలి, అంతే. తేమ లేదు గానీ గాలి ఉంది, దుమ్ము ఉంది. మైకుతో పాటు పెట్టెలో వచ్చే నురుగు తొడుగు ఇంట్లో ఫ్యాను గాలికి సరిపోతుంది, చేలో పనికిరాదు. జూన్ నెలలో గుట్టల మధ్య నుంచి వచ్చే ఈదురుగాలికి మైకు గుర్రుమంటూ మూలుగుతుంది. ఆ మూలుగు కూడా కింది స్థాయిదే కనుక గొట్టం దాన్ని ఆపలేదు. ఆపేది పొడుగు బొచ్చు తొడుగు, అంతకంటే మంచిది మైకు చుట్టూ కొంత ఖాళీ వదిలి కట్టే బుట్ట, దాని మీద బొచ్చు. కృత్రిమ బొచ్చు గుడ్డ దొరికితే ఊళ్లో దర్జీ కుట్టిపెడతాడు. పల్లెలో తీసిన చిన్న సినిమాల్లో వినిపించే లోపాల్లో సగం గాలివే. ఆ తప్పుకు మైకు కంపెనీని తిడుతుంటాం.

ఇంటి లోపల కథ తిరగబడుతుంది. శ్లాబు గదిలో మాట నాలుగు గోడలకూ తగిలి తిరిగి వస్తుంది, ఆ ప్రతిధ్వనులు చీలికల్లో దూరి డబ్బా గొంతులా మారుస్తాయి. అందుకే అనుభవమున్న రికార్డిస్టులు గదుల్లో షాట్‌గన్ వదిలి చీలికలు లేని చిన్న సూపర్ కార్డియాయిడ్ మైకు వాడతారు. ఒక్క మైకుకే డబ్బున్నవాడు పొట్టి గొట్టం ఎంచుకుంటే కొంత మేలు. ఆడియో టెక్నికా ఏటీ 875ఆర్ జానెడు కూడా ఉండదు, ఎన్‌టీజీ 2 జానెడు దాటి ఇంకో రెండు మూడు వేళ్లు ఉంటుంది. మిగతా పని గొంగడి చేస్తుంది. దక్కనీ గొర్రెల బొచ్చుతో కురుమలు నేసిన మందపాటి నల్ల గొంగడి కెమెరాకు కనపడని గోడకు ఒకటి, కింద బండల మీద ఒకటి పరిస్తే, ధ్వనిని మింగడానికి దుకాణంలో అమ్మే నురుగు పలకలు అక్కర్లేదు.

కొనేటప్పుడు ఇంకొక్క అంకె చూడాలి, దాన్ని చాలామంది పట్టించుకోరు. అది సున్నితత్వం, అంటే ఒకే మాటకు మైకు ఎంత బలమైన సంకేతం పంపుతుందన్న లెక్క. చవక రికార్డర్లలో, ముఖ్యంగా పాత జూమ్ హెచ్4ఎన్ వంటి వాటిలో, సంకేతాన్ని పెంచే భాగమే బుసకొడుతుంది. బలహీనంగా పలికే మైకు తగిలిస్తే ఆ బుస బయటపడుతుంది, మైకుకు నింద వస్తుంది. ఎన్‌టీజీ 2 మైనస్ 36 డెసిబెల్స్ దగ్గర ఉంటే 875ఆర్ మైనస్ 30 దగ్గర ఉంది, అంటే రెట్టింపు వోల్టేజీ. చవక రికార్డర్‌కు గట్టిగా పలికే మైకే జోడీ. అయితే 875ఆర్‌కు రికార్డర్ నుంచి మైకు తీగలోనే వచ్చే కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, తప్పనిసరి. అది ఇవ్వలేని కెమెరాకే నేరుగా తగిలించక తప్పనివాడికి ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచే ఎన్‌టీజీ 2, సెన్‌హైజర్ ఎంకేఈ 600 ఉన్నాయి. వెయ్యి డాలర్ల చుట్టూ తిరిగే 416 ధరలో నాలుగో వంతుకో ఐదో వంతుకో చవక మైకులు దొరుకుతాయి. నా తీర్పు అడిగితే, ధ్వనికి పెట్టుకున్న మొత్తంలో మైకు వాటా మూడో వంతు దాటకూడదు.

‘ఇంత తంటా దేనికి, హైదరాబాద్ పోయి డబ్బింగ్ చెప్పించుకోవచ్చు కదా’ అనేవారు అన్నిటికంటే బలమైన అభ్యంతరం లేవనెత్తుతున్నారు, దానికి నిదానంగా జవాబు చెప్పాలి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కాలంలో నటుడు నటిస్తున్నప్పుడే గొంతూ పట్టేవారు. తర్వాత చప్పుడు చేసే కెమెరాలు, కిక్కిరిసిన ఔట్‌డోర్లు, సౌకర్యం కలిసి డబ్బింగ్‌ను ఆనవాయితీ చేశాయి. ఇవాళ డిజిటల్ కెమెరా చప్పుడు చేయదు. ఆ సాకు పోయి చాలా ఏళ్లయింది. 2001లో ‘లగాన్’ కచ్ ప్రాంతంలో వందల మందిని పెట్టుకుని అక్కడికక్కడే గొంతులు పట్టింది. తెలుగులో 2016 నాటి ‘పెళ్లిచూపులు’, ఆ వాడవాసులనే నటులను చేసుకున్న 2018 నాటి ‘కేరాఫ్ కంచరపాలెం’ అదే పద్ధతిలో, అంటే సింక్ సౌండ్‌తో, వచ్చి ఆడాయి. డబ్బింగ్ ఒక నైపుణ్యం. తెర మీద తన పెదవులు చూసుకుంటూ, అద్దాల గదిలో నిలబడి, అదే కోపాన్ని మళ్లీ తెచ్చుకోవడం వృత్తి నటులకే కష్టం. నకిరేకల్ బత్తాయి తోటలో కూలి చేసే మనిషిని, మఖ్తల్ సంతలో గొర్రెలమ్మే పెద్దాయనను తెచ్చి ఆ గదిలో నిలబెడితే గొంతు బిగుసుకుపోతుంది. బతుకుదెరువుకు వలస పోవడం పాలమూరు కూలీకి కొత్త కాదు. షూటింగ్ అయిన రెండు నెలలకు డబ్బింగ్ పెడితే మీ నటుడు ఏ ముంబయిలోనో భవనం కడుతుంటాడు. అప్పుడు ఎవరో డబ్బింగ్ కళాకారుడు ఆ వేషానికి గొంతు ఇస్తాడు, పాలమూరు మనిషి నోట అందరి తెలంగాణ ఒకటే అన్నట్టు ఒక పోత పోసిన యాస పలుకుతుంది. నారాయణపేట వైపు మాటలో కన్నడం వాసన వేస్తుంది, గద్వాల వైపు కర్నూలు గాలి తగులుతుంది, హుజూర్‌నగర్ వైపు మాట పాత గుంటూరు జిల్లా సరిహద్దును తడుముతుంది. ఈ తేడాలు కాగితం మీద రాసిచ్చి చెప్పించగలిగేవి కావు. బిజినేపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి పాలమూరు ఇంటి మాటను ‘మా ఊరి ముచ్చట్లు’ కథల్లో 1973లోనే అచ్చులోకి తెచ్చారు. పుస్తకం సాధించిన దాన్ని, గొంతును గొంతుగానే పట్టగల సినిమా, అదీ అర్ధ శతాబ్దం తర్వాత, చేజార్చుకోవడానికి కారణం కనపడదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి యూట్యూబ్‌లో గంగవ్వ గొంతు ప్రపంచమంతా పాకిందంటే అది ఆమెదే కావడం వల్ల పాకింది. మరొకరి చేత పలికిస్తే ఎవరు వినేవారు?

కాలర్ మైకు చాలదా అన్నది రెండో అభ్యంతరం. దూరపు షాట్లకు, నడుస్తున్న ట్రాక్టరు మీద సంభాషణకు అదే దిక్కు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని దాచడానికి చొక్కా కావాలి. నడుముకు మోకు కట్టుకుని ఒంటి మీద చొక్కా లేకుండా తాటిచెట్టు ఎక్కే గౌడన్నకు ఎక్కడ పెడతారు? నేత చీర గంజి మడతల్లో పెడితే ప్రతి కదలికకూ బరబరమంటుంది. పాట దగ్గర అది అసలే పనికిరాదు. లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చి 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పాడినప్పుడు వినాల్సింది గొంతూ, తీగా, సొరకాయ బుర్రల్లో తిరిగే నాదమూ కలిసిన ధ్వని. గుండె మీద తగిలించిన మైకు గొంతును పట్టి కిన్నెరను వదిలేస్తుంది. గడ మీది మైకు రెండింటికీ మధ్య ఎక్కడ నిలబడాలో ఎంచుకోగలదు. ఇక కంప్యూటర్‌లో చప్పుడు తుడిచే కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, మంచివే. మరకను కొద్దిగా రుద్దితే పోతుంది, గట్టిగా రుద్దితే గుడ్డ చిరుగుతుంది. ఎక్కువ తుడిచిన గొంతులో ముందు మాయమయ్యేవి మాట చివరి ఊపిరి, దంత్య చకారం వంటి సన్నని ధ్వనులే. మైకు మూరెడు దూరంలో ఉంటే తుడవాల్సిన అవసరమే తక్కువ.

మూడో అభ్యంతరం బరువైనది. మంచి మైకు ఒక తరం నిలుస్తుందని, 1970ల నాటి నమూనా 416 ఇప్పటికీ చలామణిలో ఉందని, చవకది కొంటే మళ్లీ మళ్లీ కొనాలని అంటారు. సౌండ్ రికార్డింగే బతుకుదెరువు అనుకున్నవారి విషయంలో ఇది అక్షరాలా నిజం, వాళ్లు కొనాలి. ఏడాదికి ఒక సినిమా తీసే బృందానికి మాత్రం అది బీరువాలో నిద్రపోయే పెట్టుబడి. అద్దెకు తెచ్చుకోవచ్చు గానీ అద్దె దుకాణాలున్నది హైదరాబాద్ కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దారి, రానూ పోనూ రెండు రోజుల కిరాయి అదనం, పైన డిపాజిట్. మర్రిగూడ ఫ్లోరైడ్ బాధితుల మాటనో, అమ్రాబాద్ చెంచుపెంటల మాటనో రికార్డు చేయాలనుకున్న విద్యార్థి ఆ లెక్క చూసి ఫోన్‌తోనే కానిచ్చేస్తాడు. పదేళ్ల తర్వాత చప్పుడులో మునిగిన ఆ మాటలు ఎవరికీ అర్థం కావు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. రెండూ గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టే, గుర్తింపు కార్డు తీసుకుని వారం రోజులకు ఇచ్చే ఒక సామాను పెట్టె పెట్టాలి. పొట్టి షాట్‌గన్ ఒకటి, గడ, కుదుపు తగలకుండా పట్టే బిగింపు, బొచ్చు తొడుగు, హెడ్‌ఫోన్స్, రెండు మైకులు పట్టే రికార్డర్. మొత్తం కలిపినా ఖర్చు ఒక ఆఫీసు గదిలో ఏసీ పెట్టించినంత.